విడిపించినా రానన్న బందీలు

1764 అక్టోబరులో కర్నల్ హెన్రీ బొకే అనే బ్రిటిష్ సేనాని దాదాపు 1,500 మంది సైన్యంతో పిట్ కోట నుంచి పడమరగా ఒహాయో అడవుల్లోకి దిగాడు. ఇవాళ పిట్స్‌బర్గ్ నగరం ఉన్నచోటే అప్పటి పిట్ కోట. మస్కింగమ్ నది దాకా వెళ్లి, విడిది వేసి, డెలావేర్, షానీ తెగల పెద్దలను పిలిపించి ఒకటే షరతు పెట్టాడు. మీ ఊళ్లలో ఉన్న మా మనుషులను ఒక్కరిని కూడా దాచుకోకుండా అప్పగిస్తేనే సంధి. పెద్దలు తలొగ్గక తప్పలేదు. కొద్ది వారాల్లో 200 మందికి పైగా బందీలు విడిదికి చేరారు. ఏళ్ల తరబడి జాడ తెలియని ఆలుబిడ్డల కోసం సైన్యం వెంట వచ్చిన వర్జీనియా, పెన్సిల్వేనియా రైతులు తమవాళ్లను ఆనవాలు పట్టి, కావలించుకుని ఏడ్చారు. ఇంతవరకూ ఎవరైనా ఊహించుకోగలిగిందే. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలో అచ్చయిన ఆ దండయాత్ర వృత్తాంతం మాత్రం ఇంకో సంగతీ దాచకుండా చెప్పింది. కొందరు బందీలను షానీలు కట్టేసి మరీ తీసుకురావలసి వచ్చింది. అప్పగించాక కూడా కొందరు ఆడవాళ్లు కాపలావాళ్ల కన్నుగప్పి మళ్లీ షానీల ఊళ్లకే పారిపోయారు. పారిపోలేనివాళ్లు రోజుల తరబడి తిండి ముట్టకుండా ఏడుస్తూ కూర్చున్నారు.

బొకే సైనికులకు ఇది వింతగా తోచి ఉండవచ్చు గానీ, వలస రాజ్యాల్లో చదువుకున్నవాళ్లకు ఈ చిక్కు అప్పటికే తెలుసు. 1753లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్‌లోని మిత్రుడికి రాసిన ఉత్తరంలో దీన్నే తలపోశాడు. మూలవాసుల పిల్లవాణ్ని తెచ్చి మన భాష, మన పద్ధతులు నేర్పి పెంచినా, ఒక్కసారి తనవాళ్లను చూడబోతే ఇక తిరిగి రాడు. మన పిల్లలు వాళ్ల చేతికి చిక్కి కొన్నాళ్లు ఉంటే మాత్రం, డబ్బు కట్టి విడిపించి ఎంత ముద్దుగా చూసుకున్నా సందు దొరకగానే మళ్లీ అడవి దారి పడతారు. ఆయన బాధ ఇదీ. మన జీవితంలోని శ్రమా చింతలూ వాళ్లకు వెగటు పుట్టిస్తాయని కారణం కూడా చెప్పాడు. 1782లో క్రెవ్‌కూర్ అనే రచయిత ఇంకో అడుగు ముందుకు వేసి, వేలమంది యూరోపియన్లు మూలవాసులైపోయారు గానీ తనంత తానుగా యూరోపియన్ అయిన మూలవాసి ఒక్కడూ లేడని తేల్చేశాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ ప్రశ్నకు రెండు సిద్ధమైన జవాబులు చలామణీలో ఉన్నాయి. అడవిలో స్వేచ్ఛ ఉంది, దాని రుచి మరిగినవాడికి నాగలీ చర్చీ రుచించవన్నది ఒకటి. వాళ్లు పసిపిల్లలు, భయంతోనో మరపుతోనో మనసు మారిపోయింది, దాన్ని ఇష్టం అనకూడదన్నది రెండోది. మొదటిది మూలవాసులను పొగుడుతున్నట్టే ఉంటుంది. రెండోది బందీల మీద జాలి చూపుతున్నట్టే ఉంటుంది. నిజానికి రెండూ అసలు విషయాన్ని దాటేస్తున్నాయి. ఆ తెగలకు శత్రువు బిడ్డను సొంత బిడ్డగా మార్చుకునే కట్టుదిట్టమైన ఆచారం ఒకటి ఉంది. ఇంగ్లీషు వలసలకు అటువంటిది లేదు. ఎవరు ఉండిపోయారు, ఎవరు తిరిగొచ్చారు అన్నదాన్ని చాలావరకు ఈ తేడాయే నిర్ణయించింది.

ఆ ఆచారం ఎలా నడిచేదో మేరీ జెమిసన్ చెప్పిన వృత్తాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఈమె 1743లో, ఐర్లండ్ నుంచి తల్లిదండ్రులు వలస వస్తుండగా ఓడలోనే పుట్టింది. పెన్సిల్వేనియాలో గెటిస్‌బర్గ్ దగ్గర వాళ్ల సాగు. 1750ల చివరి భాగంలో, ఫ్రెంచివాళ్లకూ బ్రిటిష్‌వాళ్లకూ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, కొందరు షానీ యోధులూ ఫ్రెంచి సైనికులూ వాళ్ల ఇంటి మీద పడి అందరినీ పట్టుకుపోయారు. దారిలో ఈ పిల్లనూ ఇంకో అబ్బాయినీ వేరుచేసి మిగతావాళ్లను చంపేశారు. ఆ రాత్రి మంట దగ్గర యోధులు ఆరబెడుతున్న నెత్తితోళ్లలో ఒకదాన్ని ఎర్రటి జుట్టును బట్టి అమ్మదని గుర్తుపట్టానని ఆమె ముసలితనంలో చెప్పింది. తర్వాత ఆమెను సెనెకా తెగకు చెందిన ఇద్దరు అక్కచెల్లెళ్లకు ఇచ్చేశారు. వాళ్ల తమ్ముడు అంతకుముందే యుద్ధంలో చనిపోయాడు. వాళ్లు ఈ పిల్లను పడవలో ఊరికి తీసుకెళ్లి, ఒంటి మీద చిరుగుపాతలు విప్పి ఏట్లో పారేసి, స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి గుడిసెలో కూర్చోబెట్టారు. ఊళ్లో ఆడవాళ్లందరూ చుట్టూ చేరి చచ్చిపోయిన తమ్ముణ్ని తలచుకుని గుండెలు బాదుకుంటూ ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి, మెల్లగా ఆ ఏడుపు సంతోషంలోకి మళ్లింది. పోయినవాడి చోటికి ఒక చెల్లెలు వచ్చిందని పేరు పెట్టి పిలిచారు. ఆ క్షణం నుంచి ఆమెను సొంత చెల్లెలిగానే చూశారని జెమిసన్ మాట. మన దగ్గర దత్తత వెళ్లిన పిల్లవాడికి ఇంటిపేరూ గోత్రమూ మారి, పెంచినవాళ్ల ఆస్తితో పాటు వాళ్ల తద్దినాలూ వచ్చినట్టే ఇదీ. కాకపోతే వాళ్లలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది కాబట్టి, ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వద్దనాలి అన్నది ఎక్కువగా ఆడవాళ్ల చేతిలో ఉండేది.

ఈ పద్ధతి ఎవరి దయా కాదు, అవసరం. సెనెకా, మోహాక్ మొదలైన తెగలు కలిసిన హోడెనోషోనీ సమాఖ్యను ఫ్రెంచివాళ్లు ఇరొక్వా అనేవారు. 1630లలో యూరోపియన్ల వెంట వచ్చిన మశూచి వీళ్లను ఊడ్చిపెట్టేసింది. మోహాక్ ఊళ్లలో ఆ ఒక్క విడతలోనే సగానికి పైగా జనం పోయారంటారు. దాని మీద ఎడతెగని యుద్ధాలు. పోయినవాళ్ల పేర్లూ బాధ్యతలూ ఖాళీగా ఉంటే ఇల్లూ వంశమూ కుంటుపడతాయన్నది వాళ్ల నమ్మకం. అందుకే చాలా దాడులు భూమి కోసం కాకుండా మనుషుల కోసమే జరిగేవి. వీటిని చరిత్రకారులు శోకయుద్ధాలు అంటున్నారు. ఇంట్లో చావు జరిగితే ఆ ఇంటి ఆడవాళ్లు వంశంలోని కుర్రాళ్లను పంపి, పోయినవాడికి బదులు ఇంకొకణ్ని తెమ్మనేవారు. 17వ శతాబ్దం మధ్యలో హ్యూరాన్ లాంటి పొరుగు తెగల జనం ఎంతమంది ఇలా కలిసిపోయారంటే, కొన్ని ఇరొక్వా ఊళ్లలో పుట్టినవాళ్ల కంటే బయటినుంచి వచ్చినవాళ్లే ఎక్కువని అక్కడ తిరిగిన జెసూట్ ఫాదర్లు రాశారు. ఇంగ్లీషు పిల్లలు అందులోకి ఆలస్యంగా వచ్చి చేరారు, అంతే. ఆ యంత్రం వాళ్ల కోసం తయారైంది కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. తల్లిని చంపి బిడ్డను దత్తత తీసుకోవడాన్ని ఔదార్యం అనగలమా? అనలేం. 1704 ఫిబ్రవరి 29 తెల్లవారుజామున మసాచుసెట్స్‌లోని డీర్‌ఫీల్డ్ మీద ఫ్రెంచివాళ్లూ, అబెనాకీలూ, మోహాక్‌లూ మరికొన్ని తెగలవాళ్లూ కలిసి విరుచుకుపడినప్పుడు పసికందులు కూడా చనిపోయారు. చెరపట్టిన 112 మందిని మంచులో దాదాపు 300 మైళ్లు కెనడాకు నడిపించారు. నడవలేనివాళ్లను దారిలోనే నరికేశారు. ఊరి పాస్టర్ జాన్ విలియమ్స్ భార్య అప్పుడే బాలింత. ఒక ఏరు దాటుతూ పడిపోయిన ఆమెను గొడ్డలితో చంపారు. వయసు వచ్చిన మగ బందీలను కొన్ని తెగలు రెండు వరసల మధ్య పరిగెత్తించి కొట్టడం, కొన్నిసార్లు కొయ్యకు కట్టి కాల్చడం కూడా ఇదే శోకాచారంలో భాగం. పోయినవాడి చోటు బందీని చంపైనా తీర్చుకోవచ్చు, బతికించుకునైనా తీర్చుకోవచ్చు. ఇందులో ఒక సగాన్ని దాచి రెండో సగాన్ని మాత్రం చూపించేవాళ్లు మూలవాసులకు మేలు చేస్తున్నామనుకుంటారు గానీ, చరిత్రకు అన్యాయం చేస్తున్నారు. అయితే ఈ ఆక్షేపణ వల్ల నా వాదం పడిపోదు. దత్తత హింసలోంచే మొదలైంది. ప్రశ్న ఆ తర్వాత ఏమైందన్నది. హింసతో చెరపట్టిన మనిషిని ఏం చేయాలి అన్నదానికి రెండు సమాజాలు రెండు దారులు పట్టాయి. తేడా అక్కడుంది.

ఇంకొక ఆక్షేపణ లెక్కలది. 1975లో జేమ్స్ ఆక్స్‌టెల్ అనే చరిత్రకారుడు, బందీల్లో చాలామంది ఇష్టపడే ఉండిపోయారంటూ బాగా చర్చకు వచ్చిన వ్యాసం ఒకటి రాశాడు. ఐదేళ్లకు ఆల్డెన్ వాన్, డేనియల్ రిక్టర్ అనే మరో ఇద్దరు చరిత్రకారులు 1675 నుంచి 1763 దాకా న్యూ ఇంగ్లండ్ నుంచి చెరకు వెళ్లిన 1,641 మంది వివరాలు ఒక్కొక్కటిగా కూర్చి, అంత మాట అనడానికి వీల్లేదన్నారు. ఎక్కువమంది తిరిగొచ్చారు, లేదా చనిపోయారు. కెనడాలో ఉండిపోయినవాళ్లలో కూడా మూలవాసులైనవాళ్ల కంటే ఫ్రెంచివాళ్లలో కలిసిపోయినవాళ్లే ఎక్కువ. 1703లో మెయిన్ తీరంలోని వెల్స్ ఊళ్లో అబెనాకీలు పట్టుకుపోయిన ఏడేళ్ల ఎస్తర్ వీల్‌రైట్ అలాంటిదే. కొన్నేళ్లు అబెనాకీల మధ్య పెరిగి, క్విబెక్‌లో ఉర్సులిన్ సన్యాసినుల మఠంలో చేరి, ఆ నగరం బ్రిటిష్‌వాళ్ల చేజిక్కిన తర్వాత 1760లో ఆ మఠానికే పెద్దమ్మ అయింది. ఇదంతా సరైన దిద్దుబాటే, ఒప్పుకుంటాను. క్రెవ్‌కూర్ చెప్పిన వేలమంది ఆయన కలంలోంచి పుట్టినవాళ్లే. ఇక్కడ ఒకటి గమనించాలి. ఆ 1,641 మందిలో సైనికులూ, వయసొచ్చిన మగవాళ్లూ చాలామంది ఉన్నారు. వాళ్లను దత్తత కోసం పట్టుకోలేదు, మార్పిడి కోసమో సొమ్ము కోసమో పట్టుకున్నారు. అబెనాకీలు చాలామందిని నేరుగా ఫ్రెంచివాళ్లకు అమ్మేశారు. ఉండిపోయినవాళ్లలో ఎక్కువగా కనబడేది ఏడేళ్లకూ పదిహేనేళ్లకూ మధ్య వయసు ఆడపిల్లలు. అంటే దత్తతకు తగిన వయసులో, దత్తత జరిగిన చోట, దత్తత పనిచేసింది. జరగని చోట పనిచేయలేదు. స్వేచ్ఛ రుచి అన్న సిద్ధాంతమే నిజమైతే అడవి రుచి సైనికులకు మరీ బాగా తగలాలి కదా.

సరే, పిల్లలు కాబట్టి మరిచిపోయారు, ఇందులో వింతేముందని అనవచ్చు. దీనికి జవాబు అవతలి పక్షంలో దొరుకుతుంది. అక్కడికి వెళ్లే ముందు, ఈ రకం కథలన్నిటికీ తల్లి అనదగ్గ పుస్తకాన్ని ఒకసారి తెరవాలి. 1676 ఫిబ్రవరిలో, మెటాకమ్ అనే వాంపనోగ్ నాయకుడు ఇంగ్లీషువాళ్ల మీద తలపెట్టిన యుద్ధం మధ్యలో, లాంకాస్టర్ ఊరి మీద దాడి జరిగింది. పాస్టర్ భార్య మేరీ రోలండ్‌సన్ మూడు నెలలకు కొంచెం తక్కువ చెరలో ఉంది. గాయపడిన ఆరేళ్ల కూతురు ఒళ్లోనే చనిపోయింది. చివరికి 20 పౌండ్ల సొమ్ముకు విడుదలై, తన అనుభవాన్ని 1682లో అచ్చు వేయించింది. బాస్టన్‌లోనూ లండన్‌లోనూ జనం విరగబడి చదివారు. దేవుడు తనను పరీక్షించి కాపాడాడని చెప్పడమే ఆమె ఉద్దేశం. మూలవాసులకు ఆమె వాడిన విశేషణాలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అయినా నిజాయితీ గల మనిషి కావడం వల్ల, తన ఉద్దేశానికి పనికిరాని సంగతులు కూడా రాసేసింది. చెరలో ఆమె మేజోళ్లు అల్లి, చొక్కాలు కుట్టి తిండి సంపాదించుకుంది. మెటాకమ్ స్వయంగా పిలిచి తన కొడుక్కి చొక్కా కుట్టమని అడిగాడు, కుట్టినందుకు ఒక షిల్లింగు ఇచ్చాడు. తర్వాత అదే పిల్లవాడికి టోపీ కుట్టినప్పుడు ఆమెను భోజనానికి పిలిచి, రెండువేళ్ల వెడల్పున్న గోధుమరొట్టెను ఎలుగుబంటి కొవ్వులో వేయించి పెట్టాడు. జన్మలో అంత రుచిగల తిండి తినలేదని ఆమె రాసుకుంది. చుట్టూ ఉన్న ఆడాపిల్లలకు కూడా అప్పుడు తినడానికి ఏమీ లేదు. అంతకుముందు డిసెంబరులో ఇంగ్లీషువాళ్లు నారగాన్‌సెట్ తెగవాళ్ల కోటను, అందులోని ధాన్యంతో సహా తగలబెట్టారు. ఎముకలు ఉడికించుకుని తాగుతూ అడవులు పట్టి తిరుగుతున్నవాళ్లు ఒక బందీకి కూలి లెక్కగట్టి ఇచ్చారు. తన ఒంటి మీద ఎవరూ చెడుబుద్ధితో చేయి వేయలేదని కూడా ఆమె స్పష్టంగా సాక్ష్యం చెప్పింది.

ఆ చొక్కా తొడుక్కున్న పిల్లవాడి కథ రోలండ్‌సన్ పుస్తకంలో లేదు. 1676 ఆగస్టులో మెటాకమ్‌ను కాల్చి చంపి, తలను ప్లిమత్ ఊళ్లో కొయ్యకు గుచ్చి ఏళ్ల తరబడి ఉంచారు. రోలండ్‌సన్‌కు యజమానురాలుగా ఉన్న వీటమూ అనే నాయకురాలు ఏట్లో మునిగి చనిపోతే ఆమె తలకూ అదే గతి పట్టించారు. మెటాకమ్ భార్యా తొమ్మిదేళ్ల కొడుకూ ఇంగ్లీషువాళ్లకు బందీలయ్యారు. ఆ పిల్లవాణ్ని ఏం చేయాలని పాలకులు పాస్టర్లను సలహా అడిగారు. తండ్రి పాపానికి కొడుకును చంపవచ్చా లేదా అని బైబిలు తిరగేసి నెలల తరబడి చర్చించారు. చంపమన్నవాళ్లూ ఉన్నారు, జాలి చూపమన్నవాళ్లూ ఉన్నారు. చివరికి 1677లో బానిసగా అమ్మి ఓడ ఎక్కించారు. ఆ రోజుల్లో దయ అంటే అదే. ఆ పిల్లవాణ్ని ఏ ఇంగ్లీషు ఇంటికైనా బిడ్డగా ఇవ్వవచ్చన్న ఆలోచన ఆ చర్చలో ఎవరి నోటా వచ్చినట్టు లేదు. 1676లో లొంగిపోయిన కుటుంబాల పిల్లలను ఇంగ్లీషు ఇళ్లలో పంచారు. బిడ్డలుగా కాదు, పాతికేళ్లు దగ్గరపడేదాకా చాకిరీకి. వయసులో వీళ్లూ, కానావాకే అనే మోహాక్ ఊరికి వెళ్లిన తెల్లపిల్లలూ ఒకటే. మరపు వీళ్లకూ వచ్చి ఉంటుంది, భాష వీళ్లూ మరిచిపోయి ఉంటారు. కానీ భాష మారినంత మాత్రాన వీళ్లు ఎవరికీ కొడుకులూ కూతుళ్లూ కాలేదు. పిల్లలు కాబట్టి కలిసిపోయారన్న సిద్ధాంతం ఇక్కడ నిలవదు. కలిసిపోవడానికి అవతల ఒక ఇల్లు ఉండాలి.

పెద్దవాళ్ల సంగతీ అంతే. క్రెవ్‌కూర్ ఒక్కడూ లేడన్నాడు గానీ, ఉన్నారు. నిప్మక్ తెగకు చెందిన జేమ్స్ ప్రింటర్ చిన్నతనం నుంచి ఇంగ్లీషువాళ్ల మధ్య పెరిగాడు. కేంబ్రిడ్జిలోని అచ్చుకూటంలో పని నేర్చుకుని, మూలవాసుల భాషలో వచ్చిన బైబిలుకు అక్షరాలు పేర్చాడు. ఇంతకన్నా కలిసిపోవడం ఏముంటుంది? అయినా 1675లో యుద్ధం మొదలవగానే, చేయని హత్య మోపి, ఇంకొందరితో కలిపి మెడకు తాడేసి బాస్టన్‌కు ఈడ్చుకెళ్లారు. నిర్దోషి అని కోర్టు చెప్పినా జనం చంపినంత పని చేశారు. ఆ చలికాలంలోనే క్రైస్తవం పుచ్చుకున్న మూలవాసులను కొన్ని వందలమందిని బాస్టన్ ఎదుటి డీర్ దీవిలో పడేస్తే, ఆకలికీ చలికీ చాలామంది పోయారు. ప్రింటర్ చివరికి మూలవాసుల పక్షాన తేలి, రోలండ్‌సన్ విడుదల బేరంలో ఉత్తరాలు రాసిపెట్టాడు. యుద్ధం ముగిశాక మళ్లీ అచ్చుకూటానికి వచ్చాడు. రోలండ్‌సన్ పుస్తకానికి అక్షరాలు పేర్చింది కూడా ఆయనేనని చరిత్రకారుల భావన. తన వాళ్లను నరకదూతలుగా వర్ణించిన పుటలను సీసపు అక్షరాలతో తన చేత్తో కూర్చాడన్నమాట. దక్షిణాన కరొలైనాలో మూలవాసులను బానిసలుగా అమ్మడం ఏకంగా వ్యాపారమైంది. 1670 నుంచి 1715 దాకా అక్కడి బ్రిటిష్ వ్యాపారం 24,000 నుంచి 51,000 మంది మూలవాసులను బానిసలుగా మార్చిందని అలన్ గాలే అనే చరిత్రకారుడి అంచనా. ఆ కాలంలో చార్ల్స్‌టన్ రేవుకు దిగుమతి అయిన ఆఫ్రికన్ల కంటే అక్కడి నుంచి ఎగుమతి అయిన మూలవాసులే ఎక్కువ. చెర అనగానే లాంకాస్టర్, డీర్‌ఫీల్డ్ గుర్తుకు రావడం, ఈ వేలమంది గుర్తుకు రాకపోవడం పుస్తకాలు ఎవరు అచ్చు వేయించుకోగలిగారన్నదాని ఫలితం.

ఉండిపోయినవాళ్లు కూడా పుస్తకాలు రాయలేదు. అందుకే యూనిస్ విలియమ్స్ మనకు ఎప్పుడూ ఇతరుల కాగితాల్లోనే కనబడుతుంది. డీర్‌ఫీల్డ్ పాస్టర్ కూతురు, పట్టుబడేనాటికి ఏడేళ్లు. మాంట్రియల్ దగ్గరి కానావాకే మోహాక్‌లు ఆమెను తీసుకున్నారు. తండ్రి మొదట్లో ఒకసారి చూడగలిగినప్పుడు, నన్ను తీసుకుపొమ్మని ఏడ్చింది. ఆ తండ్రి 1706లో విడుదలై వచ్చి, చెర అనుభవాల పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. కూతురి కోసం గవర్నర్ల చేత ఉత్తరాలు రాయించాడు. ఎంతిచ్చినా ఆ పిల్లను ఇవ్వం పొమ్మన్నారు మోహాక్‌లు. 1713లో ఆల్బనీకి చెందిన జాన్ షైలర్ వెళ్లేసరికి ఆమెకు పదహారేళ్లు. అరోసెన్ అనే మోహాక్ యువకుడితో పెళ్లయింది, ఇంగ్లీషు పూర్తిగా మరిచిపోయింది. షైలర్ దుబాసీల ద్వారా బతిమాలాడు. ఒక్కసారి వచ్చి నాన్నను చూసి వెనక్కి రమ్మన్నాడు. ఆమె తల దించుకుని చాలాసేపు పలకలేదు. చివరికి రానన్నట్టుగా ఒక్క మాట అంది. వాళ్ల నాన్న మళ్లీ పెళ్లి చేసుకోకపోయి ఉంటే ఈమె ఎప్పుడో చూడ్డానికి వెళ్లేదని పక్కనున్న అరోసెన్ చెప్పాడు. ఈ మాటలో అడవి స్వేచ్ఛా లేదు, మతిమరుపూ లేదు. చచ్చిపోయిన తల్లిని బాగా గుర్తుపెట్టుకున్న కూతురి నొచ్చుకోలు ఉంది. తర్వాత 1740 నుంచి ఆమె భర్తతో కలిసి కొన్నిసార్లు మసాచుసెట్స్ వచ్చి తమ్ముళ్లనూ అన్నలనూ చూసి వెళ్లింది. ఉండమని ఎందరు బతిమాలినా ఉండలేదు. 1785లో కానావాకేలోనే, తొంభైకి దగ్గరపడిన వయసులో కన్నుమూసింది.

జెమిసన్ మాటల్లో ఇంకో కారణం పైకే వినిపిస్తుంది. స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక సెనెకాలు ఆమెను నీ ఇష్టం, వెళ్లాలనుకుంటే వెళ్లమన్నారు. ఆమె వెళ్లలేదు. పెద్దకొడుకును వదులుకోవడానికి తెగ పెద్దలు ఒప్పుకోకపోవడం ఒక కారణమైతే, మూలవాసి తండ్రులకు పుట్టిన పిల్లలను తెల్ల బంధువులు చీదరించుకుంటారన్న భయం రెండోది. ఆ భయం ఉత్తదే అనడానికి ఆధారం ఏమీ కనబడదు. ఆమె వృత్తాంతాన్ని 1824లో అచ్చు వేసింది జేమ్స్ సీవర్ అనే తెల్ల డాక్టరు కదా, ఎంతవరకు ఆమె మాట, ఎంతవరకు ఆయన మాట అన్న అనుమానం న్యాయమే. కానీ సీవర్‌కు పనికొచ్చే కల్పన అయితే ఆమె చెర గురించి కన్నీళ్లు కారుస్తూ ఉండాలి. 1779లో జార్జి వాషింగ్టన్ పంపిన సైన్యం సెనెకాల ఊళ్లూ మొక్కజొన్న చేలూ తగలబెట్టినప్పుడు, ఇద్దరు పిల్లలను వీపున మోస్తూ ముగ్గుర్ని నడిపించుకుంటూ జెనెసీ నది లోయకు వెళ్లి, అక్కడ దాక్కున్న ఇద్దరు పారిపోయిన నల్లజాతి బానిసల చేలో కంకులు ఒలిచి పదోవంతు కూలి తీసుకుని పిల్లల్ని బతికించుకున్న ఆడమనిషి ఇందులో కనిపిస్తుంది. అలాంటిదాన్ని ఊరికే అల్లలేరు. 1797లో ఒప్పందం కుదిరినప్పుడు ఆ లోయలో సుమారు 18,000 ఎకరాలు ఆమె పేర రాయించారు సెనెకాలు. పాతకాలపు ఇంగ్లీషు కుటుంబంలో పెళ్లయిన ఆడదానికి సాధారణంగా సెంటు భూమి మీద కూడా సొంత అధికారం ఉండేది కాదన్నది ఇక్కడ పక్కన పెట్టి చూడాలి.

అమెరికా తన చెర కథల్లో దేన్ని గుర్తుపెట్టుకోదలచిందో చెప్పడానికి ఇంకొక్క ఉదాహరణ చాలు. 1697లో హేవర్‌హిల్ ఊరి నుంచి చెరకు వెళ్లిన హానా డస్టన్ ఒక రాత్రి ఇంకో ఇద్దరు బందీల సాయంతో నిద్రలో ఉన్న పదిమందిని గొడ్డలితో చంపి, నెత్తితోళ్లు ఒలుచుకుని తెచ్చి ప్రభుత్వం దగ్గర బహుమానం తీసుకుంది. చనిపోయిన పదిమందిలో ఆరుగురు పిల్లలు. పట్టుబడ్డ వెంటనే ఆమె పసికందును చంపేశారు కాబట్టి ఆమె కోపాన్ని తప్పుపట్టే మొహం మనకు లేదు. కానీ 1874లో న్యూ హాంప్‌షైర్‌లో విగ్రహం లేచింది ఆమెకే, చేతిలో నెత్తితోళ్లతో సహా. అటువైపు నుంచి అమ్ముడుపోయి ఓడలెక్కిన పిల్లలకు సమాధి రాళ్లు కూడా లేవు.

డీర్‌ఫీల్డ్ దాడి జరిగిన ఏడాదే వెస్ట్‌బరో నుంచి రైస్ అన్నదమ్ములనూ, మూడేళ్ల తర్వాత గ్రోటన్ నుంచి టార్బెల్ పిల్లలనూ మోహాక్‌లు పట్టుకెళ్లారు. ఏడేళ్లకు పట్టుబడిన తిమొతీ రైస్ పెద్దయ్యాక కానావాకేలో తెగ పెద్ద అయ్యాడు. 1740లో ఒకసారి వెస్ట్‌బరో వచ్చి పుట్టిన చోటు చూసుకుని వెనక్కి వెళ్లిపోయాడు. టార్బెల్ అన్నదమ్ములు అక్వెసాస్నే అనే ఇంకో మోహాక్ ఊరు వెలసినప్పుడు మొదట కాపురం పెట్టినవాళ్లలో ఉన్నారు. రైస్, టార్బెల్, విలియమ్స్ అన్న ఇంటిపేర్లు ఈ రెండు ఊళ్ల మోహాక్ కుటుంబాల్లో ఇప్పటికీ ఉన్నాయి.